మణెమ్మ చెప్పిన నీళ్ళు

మణెమ్మ కాళ్ళ మీద పడుకోకుండా పెరిగిన పిల్లలు ఆ పల్లెలో లేరు. కొనకనమిట్ల నుంచి పడమరకు నాలుగు మైళ్ళు నడిస్తే వచ్చే పల్లె అది. చర్చి చుట్టూ నలభై గడపలు, అందరూ కూలికి పోయేవాళ్ళే. ఎవరింట్లో కాన్పు జరిగినా మూడోనాటి పొద్దున ఆమె వచ్చి, పెరట్లో రాయి మీద కూర్చుని, చీర మోకాళ్ళ పైకి మడిచి, రెండు కాళ్ళూ చాపేది. బిడ్డను కాళ్ళ మీద బోర్లా వేసుకుని ఒంటినిండా ఆముదం పట్టించి, సున్నిపిండితో నలిచి, వేణ్ణీళ్ళు పోసేది. తల గుండ్రంగా కుదరాలని అరచేత్తో ఒత్తేది. ముక్కు తీరుగా రావాలని రెండు వేళ్ళతో లాగేది. బిడ్డ ఊరంతా వినబడేట్టు ఏడిచి, ఆ తర్వాత సాంబ్రాణి పొగలో మూడు గంటలు ఒళ్ళు తెలియకుండా నిద్రపోయేది.

చేతులు చేసే పనికి రెండింతలు ఆమె నోరు చేసేది. "పాలు తాపినాక ఊరికే పండబెట్టబాకు, భుజాన యేసుకొని తట్టు. తేన్పు రానీ." "ఏడ్చిందంతా ఆకలి కాదే, ఉక్కపోసినా ఏడుస్తారు. ముందు ఆ గుడ్డలిప్పు." "పండ్లొచ్చేటప్పుడు కడుపు కాస్త జారుతాది. జావ మానబాకు." బాలింత తల ఊపాలి. ఊపకపోతే అదే మాట మళ్ళీ మొదటి నుంచి వినాలి. అంతకంటే ఊపడమే సుఖమని పల్లెలో ఆడవాళ్ళందరికీ తెలుసు. పల్లెను ఆనుకుని ఉన్న ఊళ్ళో దుకాణం వాళ్ళ రాజ్యలక్ష్మి కూడా ఇద్దరు పిల్లలకూ మణెమ్మ చేతే నీళ్ళు పోయించుకుంది. ఆ ఇంట్లో మణెమ్మను పెరడు దాటి లోపలికి రానిచ్చేవాళ్ళు కాదు. అయినా వంటింట్లో బిడ్డకు ఏం వండాలో, ఎంత పెట్టాలో పెరట్లోంచే కేకేసి చెప్పేది. లోపల వాళ్ళు అలాగే చేసేవాళ్ళు.

ఆమె చెప్పే మాటల్లో చాలావరకు వాళ్ళమ్మ దగ్గర నేర్చుకున్నవి. ఒక్కటి మాత్రం ఆమె సొంతం. దాన్ని ఆమె నేర్చుకున్న తీరు తలుచుకుంటే ఇప్పటికీ బాధ కలుగుతుంది.

బోరింగు రాకముందు పల్లెకు దిగుడుబావే గతి. మెట్లు దిగి, మోకాలి లోతు నీళ్ళలో నిలబడి కడవ ముంచుకోవాలి. ఆ నీళ్ళు తాగినవాళ్ళకు మరుసటి ఎండాకాలానికి నారికురుపు లేచేది. ముందు కాలి మీద పొక్కు వస్తుంది. పొక్కు చితికితే లోపల తెల్లటి దారం లాంటి పురుగు కనబడుతుంది. దాన్ని పుల్లకు చుట్టి రోజుకు కొంచెం కొంచెంగా బయటికి లాగాలి. నెల పట్టినా పట్టొచ్చు. మధ్యలో తెగిందంటే కాలు వాచి మనిషి మంచాన పడతాడు. మణెమ్మ చిన్నకొడుకు యోబుకు తొమ్మిదో ఏట చీలమండ దగ్గర లేచింది. పుల్ల కాలికి ఉండగానే గొర్రెల వెనక పోయాడు. కంప గీరుకుని పురుగు తెగింది. ఆరో రోజుకు వాడి దవడలు బిగుసుకున్నాయి, ఒళ్ళు విల్లులా వంగింది. మార్కాపురం పెద్దాసుపత్రికని బండి కట్టారు. సగం దారిలో బండి వెనక్కి తిప్పారు.

కొడుకును చంపిన బావిలోనే ఆ సాయంత్రం కడవ ముంచుకుని రావలసి వచ్చింది మణెమ్మకు. వేరే నీళ్ళు లేవు మరి. ఏడాది పాటు రోజూ ఆ మెట్లు దిగింది.

అప్పటికి పాత జిల్లా పోయి ఒంగోలు ముఖ్యపట్టణంగా కొత్త జిల్లా వచ్చి మూడేళ్ళయింది. జిల్లా మారితే మాకేం ఒరిగిందని నవ్వుకుంటున్న పల్లెకు ఒంగోలు నుంచి లారీ వచ్చి, చర్చి ముందర రెండు రోజులు నేల తొలిచి, బోరింగు దించింది. వెంట వచ్చిన ఇంజనీరు చేతిపంపు కొట్టి చూపించి, "బావి నీళ్ళలో పురుగు విత్తనం కంటికి కనపడదు, కాని ఉంటుంది. ఇక పిల్లలకు ఈ నీళ్ళే తాపండి" అన్నాడు. వినే జనంలో ముందు నిలబడింది మణెమ్మే. ఇంజనీరు మరునాడే వెళ్ళిపోయాడు. ఆ మాటను మాత్రం మణెమ్మ పట్టుకుంది.

ముసలివాళ్ళు బోరింగు నీళ్ళకు ఇనుప వాసనన్నారు. బావి నీళ్ళు తాగిన నాలుకకు ఇవి ఎక్కవన్నారు. మణెమ్మ ఊరుకుందా! గడప గడపకూ పోయి కడవ మీద మూత తీసి చూసేది. నీళ్ళు ఎక్కడివో రంగు చూసి చెప్పేది. కొత్తగా కాపురానికొచ్చిన పుల్లమ్మ, దారి దగ్గరని బావి నీళ్ళే తెచ్చుకుంటోందని తెలిసి ఒకరోజు పొద్దున్నే పోయి, ఆమె చూస్తుండగానే కడవ కాలితో తన్నింది. నీళ్ళన్నీ వాకిట్లో పారాయి.

"కంటికి కనపడేదే ఉందనుకుంటావా నువ్వు? నా కొడుకును మింగినది నా కంటికి కనపడిందా?" అన్నది.

పుల్లమ్మ ఏడ్చింది. మరునాటి నుంచి బోరింగుకే వచ్చింది. నిజానికి ఆ దెబ్బతో పల్లె మొత్తం దారికొచ్చింది. రెండేళ్ళు తిరిగేసరికి నారికురుపు ఆనవాలు లేకుండా పోయింది. ఆ మాట నిజం. దాన్ని ఎవరూ కాదనలేరు. పిల్లలు కాళ్ళకు పుల్లలు కట్టుకోకుండా ఎండాకాలమంతా తిరుగుతుంటే మణెమ్మ చర్చి అరుగు మీద కూర్చుని చూసి మురిసిపోయేది. మళ్ళీ యోబు బతికొచ్చినంత సంతోషంగా ఉండేదామెకు.

పదకొండేళ్ళు గడిచేలోపు వేరే చిక్కులు మొదలయ్యాయి.

ముందు పళ్ళల్లో తేడా వచ్చింది. పాలపళ్ళు ఊడి కొత్తవి వచ్చిన పిల్లలకు వాటి మీద సున్నపు చారలు, రెండేళ్ళు పోయేసరికి అవే గోధుమరంగు మరకలు. "బొగ్గుతో గట్టిగా తోమండి" అన్నది మణెమ్మ. తోమారు. చిగుళ్ళలోంచి రక్తం కారింది గాని మరక పోలేదు. తర్వాత కాళ్ళు. పుల్లమ్మ కొడుక్కు ముందు మొదలైంది. నడుస్తుంటే మోకాళ్ళు రెండూ ఒకదానికొకటి రాసుకునేవి, పాదాలు ఎడంగా పోయేవి. ఆపైన మరో నలుగురికి. ఆపైన మణెమ్మ సొంత మనవరాలు సువార్తకు. ఏడేళ్ళ పిల్ల, బడికి నడిచి పోతూ మూడుసార్లు కూర్చునేది.

అప్పుడూ మణెమ్మ దగ్గర సలహాకు లోటు లేదు. ఎండలో కూర్చోబెట్టి ఆముదం రుద్దమన్నది. పడుకునే ముందు మోకాళ్ళ మధ్య గుడ్డ పెట్టి కాళ్ళు కలిపి కట్టమన్నది. అంతటితో ఆగినా బాగుండేది. ఎవరిదో ఒకరిది తప్పు కావాలి కదా! తల్లుల మీద పెట్టింది. కోడలు దానమ్మను పదిమందిలో అనేసింది.

"నేలన దింపకుండా చంకనేసుకొని మోసినావు. దానికి కాళ్ళల్లో బలం యాడ నుంచి వస్తాది?"

దానమ్మ నెమ్మదైన మనిషి. కూలికి పోయేటప్పుడు బిడ్డను చేలో గట్టు మీద పడుకోబెట్టి కలుపు తీసిన మనిషి. చంకనెత్తుకునే తీరిక ఆమెకెప్పుడు దొరికింది! అయినా ఎదురు చెప్పలేదు. ఆ రోజు నుంచి అత్తతో అవసరానికి మించి మాట్లాడటం మానేసింది. మణెమ్మ కొడుకు కరుణాకరం అంతా చూస్తూనే ఉన్నాడు గాని, తల్లి నోటికి అడ్డం పడే ధైర్యం వాడికి ఏనాడూ లేదు.

ఆ ఏడు హెల్తు డిపార్టుమెంటు నుంచి సంజీవరావు అనే ఉద్యోగి సైకిలు మీద వచ్చి, పిల్లల్ని వరసగా నిలబెట్టి పళ్ళూ కాళ్ళూ చూసి, బోరింగు నీళ్ళు ఒక సీసాలో, బావి నీళ్ళు ఒక సీసాలో పట్టుకుపోయాడు. రెండు నెలల తర్వాత ఎర్రరంగు డబ్బాతో తిరిగొచ్చాడు. ఎవరినీ అడగకుండా బోరింగు మొత్తానికీ ఎర్రరంగు పూశాడు. జనం మూగారు.

"ఈ నీళ్ళు తాగడానికీ వంటకూ పనికిరావు. ఫ్లోరైడు ఉంది ఇందులో. పిల్లల పళ్ళు, ఎముకలు పాడుచేసేది అదే" అన్నాడు.

"ఏంది అది? పురుగా?" మణెమ్మ ముందుకొచ్చి అడిగింది.

"పురుగు కాదమ్మా. నేల లోపలి రాళ్ళలోంచి నీళ్ళలో కలుస్తుంది. కంటికి కనపడదు."

"కనపడంది ఉందని నువ్వెట్ల చెప్తావు?"

అడిగాక గాని ఆమెకు తట్టలేదు, ఇదే మాటకు కడవ తన్నిన రోజు తను ఏం జవాబు చెప్పిందో. గుంపులోంచి పుల్లమ్మ ఆమె వైపే చూస్తోంది. పక్కన పదేళ్ళ కొడుకు తల్లి భుజం పట్టుకుని నిలబడి ఉన్నాడు. ఊతం లేకుండా వాడు నిలబడలేడు.

"నా కడవ తన్నినావు అత్తా" అన్నది పుల్లమ్మ. గొంతు పెంచలేదు. "వీడు అప్పుడు నా కడుపులో ఉన్నాడు. ఆ పొద్దు మొదలు నీ మాట మీద ఒక్క చుక్క వేరే నీళ్ళు వీడికి తాపలేదు నేను."

మణెమ్మ రెండడుగులు వెనక్కి వేసి గుంపులో కలిసిపోయింది. ఆమె జీవితంలో అట్లాంటిది అదే మొదటిసారని చూసినవాళ్ళు చెప్పుకున్నారు.

సంజీవరావు బావి నీళ్ళ ఫలితం కూడా చెప్పాడు. అందులో ఫ్లోరైడు తక్కువట. దళసరి నూలుగుడ్డ రెండు మడతలు వేసి వడగడితే నారికురుపు పురుగు కూడా గుడ్డలోనే ఆగిపోతుందట, మెట్లు దిగకుండా చేద వేసుకోవాలట. చెప్పి సైకిలెక్కి పోయాడు. వారం రోజులు పల్లె ఎటూ తేల్చుకోలేదు. కొందరు ఎర్రరంగు చూసి కూడా అదే పంపు కొట్టుకున్నారు. బావి పేరెత్తితే మణెమ్మ వైపు చూసేవాళ్ళు. పదకొండేళ్ళు ఆమె చేసిన ప్రచారం అంత గట్టిగా పని చేసింది. దుకాణం వాళ్ళు మాత్రం పొదిలి నుంచి బస్సు మీద క్యాన్లలో నీళ్ళు తెప్పించుకోవడం మొదలుపెట్టారు.

మణెమ్మ ఇంట్లో అప్పుడు ఎనిమిది నెలల మగబిడ్డ ఉన్నాడు. వాడికి ఆమే పట్టుబట్టి యోబు అని పేరు పెట్టించింది. తల్లిపాలతో పాటు అప్పుడప్పుడే రాగిజావ పడుతున్నారు, నీళ్ళు తాపుతున్నారు. ఏ నీళ్ళు? ఇంట్లో ఎవరూ ఆ మాట పైకి అనడం లేదు గాని ముగ్గురి మనసులోనూ అదే ఉంది. ఒకవైపు పెద్ద యోబును తీసుకుపోయిన బావి, ఇంకోవైపు సువార్త కాళ్ళు వంచిన బోరింగు.

ఎనిమిదో రోజు పొద్దున దానమ్మ గుడ్డలు మూట కట్టింది.

"మా నాయన దగ్గరికి పోతా" అన్నది మొగుడితో, అత్తకు వినపడేట్టు. "గిద్దలూరు దగ్గర మా ఊర్లో నీళ్ళు మంచియి. ఆడపిల్ల కాళ్ళు పోయినాయి. వీడి కాళ్ళన్నా నిలవనీ."

కరుణాకరం తల్లి మొహం చూశాడు. మణెమ్మ అలవాటుగా ఏదో చెప్పబోయి ఆగిపోయింది. బిడ్డతో ప్రయాణం వద్దని చెప్పొచ్చు, ఎండని చెప్పొచ్చు, పుట్టింట్లో ఎన్నాళ్ళుంటావని దెప్పొచ్చు. ఆ మాటలన్నీ నాలుక చివరే ఉన్నాయి. తన మాట విన్న వాళ్ళకు ఏమైందో ఎదురుగా గడప మీద కూర్చున్న సువార్త మోకాళ్ళే చెబుతున్నాయి. సిగ్గుతో ఆమె ఒళ్ళు కుంచించుకుపోయింది.

"దానమ్మా, రెండు దినాలు ఆగు" అన్నది. "ఆగమని చెప్పడంలా. అడుగుతుండా."

అత్త ఏదైనా అడగడం దానమ్మ ఎప్పుడూ వినలేదు. మూట విప్పలేదు గాని, గోడ పక్కన పెట్టి కూర్చుంది.

మణెమ్మ పెట్టె తెరిచి చర్చికి కట్టుకునే తెల్లచీర తీసింది. ఇంట్లో చిరుగు లేని దళసరి గుడ్డ అదొక్కటే. పండగకూ, పెళ్ళికీ, చివరికి తనను పాతిపెట్టేటప్పుడు కప్పడానికీ అని దాచుకున్నది. పైటకొంగు వైపు గజమున్నర చించింది. కడవ, చేంతాడు తీసుకుని, పదకొండేళ్ళ తర్వాత ఆ బావి దారి పట్టింది. దారి సగం కంప మూసుకుపోయింది. బావి దగ్గరికి చేరింది. మెట్ల మీద పాచి పట్టింది. యోబు స్నానం చేసి బట్టలు ఆరేసుకునే బండ అలాగే ఉంది. ఏడుపొచ్చింది. ఏడిచింది. ఏడుస్తూనే పైనుంచి చేద వేసి నీళ్ళు తోడింది. మెట్టు మీద కాలు పెట్టలేదు.

ఇంటికొచ్చి గుడ్డ రెండు మడతలు వేసి కొత్తకుండ మూతికి కట్టి, కోడలి ఎదురుగా వడగట్టింది. గుడ్డ మీద నలకలు, పాచి ముక్కలు మిగిలాయి. ఒక చెంబు ముంచుకుని ముందు తనే తాగింది.

"ఇవి మంచియో కాదో నాకు తెలియదు" అన్నది. "సంజీవరావు మంచియే అన్నాడు. నారికురుపు బయటపడాలంటే ఏడాది పడతాది. ఏడాది దాకా నేను ఏ మాటా చెప్పలేను. నువ్వు తల్లివి. వానికి తాపాల్నా వద్దా నీ ఇష్టం. సువార్త కాళ్ళ గురించి ఆనాడు నేను నిన్ను అన్నా గాని, అది నీ తప్పు కాదు. నాది."

దానమ్మ లేచి, చీర కొంగుతో కళ్ళు తుడుచుకుని, పొయ్యి అంటించి ఆ నీళ్ళు కాచింది. చల్లార్చి బిడ్డకు రెండు ఉగ్గుగిన్నెలు తాపింది. మూట సాయంత్రం విప్పింది.

మరునాటి నుంచి మణెమ్మ మళ్ళీ గడప గడపకూ పోయింది. ఈసారి మూతలు తీసి చూడలేదు. వాకిట్లో నిలబడి, "నేను తప్పు చెప్పినా. తాగేదానికి బోరింగు నీళ్ళొద్దు. గుడ్డ కట్టి బావి నీళ్ళు తెచ్చుకోండి" అనేది. కొందరు మొహం మీదే నవ్వారు. కొందరు తలుపు వేసుకున్నారు. పుల్లమ్మ వాకిట్లోకి ఆమె ఒక కడవ వడగట్టిన నీళ్ళు మోసుకుపోయి దించింది. పుల్లమ్మ లోపల్నుంచి వచ్చి, కడవ అంచు పట్టుకుని నెమ్మదిగా వంచి, నీళ్ళన్నీ వాకిట్లో పారబోసింది. మణెమ్మ ఖాళీ కడవ తీసుకుని వెళ్ళింది. మరునాడు మళ్ళీ తెచ్చింది. పుల్లమ్మ మళ్ళీ పారబోసింది. పదమూడు రోజులు అలా జరిగింది. పద్నాలుగో రోజు పుల్లమ్మ బయటికి రాలేదు. సాయంత్రం మణెమ్మ పోయి చూస్తే కడవ సగం ఖాళీ అయి ఉంది. కొడుకు గడపలో కూర్చుని గ్లాసుతో తాగుతున్నాడు. పుల్లమ్మ ఆమెతో ఆనాడూ మాట్లాడలేదు, ఆ తర్వాత కూడా చాలాకాలం మాట్లాడలేదు.

ఆ ఏడాది మణెమ్మకు గడిచిన తీరు చెప్పతరం కాదు. బిడ్డకు నీళ్ళు పోసే ప్రతి పొద్దూ చీలమండల చుట్టూ బొటనవేలితో తడిమి చూసేది. దోమ కుట్టి దద్దురు లేస్తే గుండె ఆగినంత పనయ్యేది. పల్లెలో ఏ బిడ్డను కాళ్ళ మీద వేసుకున్నా అదే తడమడం. నోరు మాత్రం తగ్గిపోయింది. బాలింతలే అడిగి అడిగి ఆమె చేత మాట చెప్పించుకోవలసి వచ్చేది. చెప్పినా, "నాకు తెలిసింది ఇది. సంజీవరావు వస్తే ఆయన్ను కూడా అడుగు" అని చివర కలిపేది.

మరుసటి ఎండాకాలం వచ్చింది, పోయింది. ఎవరి కాలికీ పొక్కు లేవలేదు. చిన్న యోబు గోడ ఊతం లేకుండా వాకిట్లో ఈ కొస నుంచి ఆ కొసకు పరుగెత్తాడు. కాళ్ళు నిటారుగా ఉన్నాయి. కరుణాకరం వాడిని భుజాల మీద ఎత్తుకుని చర్చి చుట్టూ తిప్పాడు. దానమ్మ నవ్వడం మణెమ్మ రెండేళ్ళ తర్వాత చూసింది.

ఆ సాయంత్రం మణెమ్మ కుండ ముందు కూర్చుని నీళ్ళు వడగడుతుంటే, సువార్త గోడ పట్టుకుని నడుస్తూ వచ్చి పక్కన కూలబడింది. తమ్ముడి కాళ్ళ వైపు చూసింది, తన కాళ్ళ వైపు చూసుకుంది.

"అవ్వా, ఈ నీళ్ళు తాగితే నా కాళ్ళు కూడా వానివి మాదిరి అయితాయా?"

"అయితాయి తల్లీ, ఎందుకు కావు" అనడం మణెమ్మకు ఎంత తేలికో! ముప్పై ఏళ్ళుగా తల్లులకు అట్లాంటి ధైర్యాలు చెప్పిన నోరే అది. సువార్త నమ్ముతుంది కూడా. వంగిన ఎముక మళ్ళీ నిటారు కాదని సంజీవరావు ఎప్పుడో చెప్పి పోయాడు. ఆ సంగతి పెద్దవాళ్ళు పిల్ల దగ్గర దాస్తూ వచ్చారు.

"కావు తల్లీ" అన్నది మణెమ్మ. "నీవి అట్ల కావు. ఇంకా వంకర పోకుండా ఉంటాయి, అంతే. అవ్వ తప్పు చెప్పింది, నీకు తగిలింది."

సువార్త ఏడవలేదు. తర్వాత కుండలోంచి చెంబుతో నీళ్ళు ముంచి, ముందు తమ్ముడికి తాపి, మిగిలినవి తను తాగింది.